తడి ఇసుకలో రాకుమారి

శ్వేతగిరి రాజ్యానికి ఉత్తరపు ఎల్లలో ధూపారణ్యమనే మహారణ్యం ఉండేది. అందులో మద్ది, చండ్ర, గుమ్మడి టేకు మానులు ఒకదాని భుజాన ఒకటి చెయ్యేసుకున్నంత దగ్గరగా నిలబడి, మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుణ్ణి నేల మీద కాలు మోపనిచ్చేవి కావు. కొమ్మకొమ్మకూ జిగురు కారి గట్టిపడి ఉండేది. గాలి వీచిందంటే అడవంతా సాంబ్రాణి వాసన గుప్పుమనేది. ఆ అడవి నడుమ నీలవంక అనే ఏరు బండల మధ్య నురగలు కక్కుతూ దూకి, ఇసుక తిన్నెల దగ్గరకొచ్చేసరికి ఒళ్ళు విరుచుకుని నిదానంగా పారేది. మాఘమాసంలో ఆ ఏటి మీది మంచు జాము పొద్దెక్కేదాకా కదిలేది కాదు.

ఏటేటా మాఘంలో ఆ తిన్నె మీద రెండు గుడారాలు లేచేవి. ఒకటి యువరాజు శరభకేతుడిది, రెండోది అతని చెల్లెలు కల్హారది. రాజపుత్రుడు అడవికి వెళ్ళాడంటే వేటకే అనుకుంటాం కదా. ఇతగాడికి వింటి మీద కన్నా ఉలి మీద మోజు. పది రోజుల పాటు పరివారం లేకుండా, తన అంబలి తనే కాచుకుని, ఏట్లో మునిగి, ఆకుల పక్క మీద పడుకుని, పిట్టల కూతకు లేచి, గాలికి విరిగిపడ్డ కొమ్మలు ఏరుకుని బొమ్మలు చెక్కుకోవడమే అతనికి పండగ. "మన యువరాజుకు కిరీటం కన్నా బాడిస బాగా నప్పుతుంది" అని కొలువులో దండనాథులు మీసాల చాటున నవ్వుకునేవారు. నవ్వుకోనీండి. ఏ రాజ్యంలో ఏ దండనాథుడు ఒక్క గరిటె సరిగ్గా చెక్కాడో నాకు చూపించండి, అప్పుడు నేనూ నవ్వుతాను.

అన్నాచెల్లెళ్ళ వెంట వచ్చే మూడో మనిషి ఆస్థాన వడ్రంగి పొన్నాచారి. అరవై దాటాయి, మోకాళ్ళు పట్టేశాయి, నోరు మాత్రం పట్టెయ్యలేదు. శరభకేతుడికి ఏడో ఏట చేతికి ఉలి ఇచ్చింది ఆయనే. విడిదిలో ఆయన మాట రాజాజ్ఞ కన్నా గట్టిది. నిలబడ్డ చెట్టు మీద గొడ్డలి పడకూడదు. పచ్చి కర్ర ఉన్న చోటికి ఇరవై అడుగుల లోపల పొయ్యి రాజెయ్యకూడదు. ఆ రెండోది తప్పితే ఎదుట ఉన్నది యువరాజని కూడా చూడకుండా తిట్టిపోసేవాడు. వడ్రంగుల ఇళ్ళలో పుట్టినవాళ్ళకు నిప్పంటే అంత భయం.

ఆ ఏడు విడిది మూడో రోజు మధ్యాహ్నం, కల్హార దూరంగా పొయ్యి దగ్గర పెండలం దుంపలు కాలుస్తోంది. శరభకేతుడు చెక్కడం పూర్తయిన పిట్ట బొమ్మకు ముక్కు నునుపు చేస్తున్నాడు. అంతలో చెట్ల మధ్య నుంచి ఒక ముసలి బాటసారి వచ్చి అతని ఎదుట కూలబడ్డాడు. చర్మం ఎముకలకు అంటుకుపోయి ఉంది. అతను నడిచివచ్చిన దారిలో గడ్డి పసుపుపచ్చగా వాడిపోయింది. పొన్నాచారి అది చూశాడు కానీ, మంచుకు వాడిందేమోలే అనుకుని ఊరుకున్నాడు.

"ఆ పిట్టను నాకిస్తావా నాయనా?" అన్నాడు ముసలివాడు.

"తీసుకో పెద్దాయనా."

"ఏం ఇచ్చుకోమంటావు?"

శరభకేతుడు నవ్వాడు. "ఏమీ వద్దు. నేను సరదాకు చెక్కుతాను. ఇప్పటిదాకా ఒక్క బొమ్మకు కూడా ఎవరి దగ్గరా గవ్వ పుచ్చుకోలేదు. నీకు నచ్చింది, పట్టుకెళ్ళు."

"ఒక్కదానికి కూడా?"

"ఒక్కదానికి కూడా."

ముసలివాడి ముఖం ఒక్కసారిగా వెలిగింది. పిట్టను ఇసుకలో పారేసి లేచి నిలబడ్డాడు. వంగిన నడుము నిటారుగా సాగింది. "నా పేరు శుష్కపాదుడు" అన్నాడు.

ఆ పేరు వినగానే పొన్నాచారి చేతిలోని సుత్తి జారి కిందపడింది. మూడు రాజ్యాల్లో ఆ పేరు తెలియనివాళ్ళు లేరు. మంత్రాగ్నిని కడుపులో దాచుకుని మూడు వందల ఏళ్ళు బతికిన మాంత్రికుడు. చావు రాకుండా కాపాడిన ఆ అగ్నే అతని ఒంటిని లోపలి నుంచి ఎండగడుతోంది.

"ఈ ఒళ్ళు ఇంక నెల రోజులు కూడా ఆగదు" అన్నాడు శుష్కపాదుడు. "చెక్క దేహంలోకి నా ప్రాణాన్ని మార్చుకోగలను. కానీ దాన్ని చెక్కిన చేయి కూలి ముట్టనిదై ఉండాలి. నలభై ఏళ్ళుగా వెతుకుతున్నాను. శిల్పులందరూ పొట్ట కోసం చెక్కేవాళ్ళే, వాళ్ళ తప్పు కాదనుకో. నువ్వొక్కడివి దొరికావు. నాకు నిలువెత్తు ఒళ్ళు చెక్కి ఇవ్వు."

"నువ్వు ఇంకో మూడు వందల ఏళ్ళు జనాన్ని పీడించడానికా?" అంటూ శరభకేతుడు కత్తి దూసి మీదికి దూకాడు.

శుష్కపాదుడు అతని వైపు చూడను కూడా లేదు. నడుముకున్న సంచిలోంచి గుప్పెడు బూడిద తీసి, ఆకుదొన్నెలో దుంపలు పట్టుకుని వస్తున్న కల్హార మీద చల్లాడు. ఆమె రెండడుగులు వేసింది. మూడో అడుగు పడలేదు. పాదాల దగ్గర మొదలై, మోకాళ్ళు, నడుము, చేతులు, చివరికి మెడ మీద ఎగురుతున్న వెంట్రుకలతో సహా ఆమె మానుగా మారిపోయింది. దొన్నె నేలపాలైంది. శరభకేతుడి కత్తి గాలిని నరికింది.

"ఏడు రోజులు" అని ఎక్కడి నుంచో మాంత్రికుడి గొంతు వినిపించింది. "గుర్రపుబండ గుహలో ఉంటాను. నా ఒళ్ళు నాకివ్వు, నీ చెల్లెలు నీకు."

శరభకేతుడు చెల్లెలి పాదాల దగ్గర కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమెకు అడవి చూపించింది తనే, రానన్న ఏడు కూడా బతిమాలి తీసుకొచ్చింది తనే. ఆ ముసలివాడి ముందు గొప్పలు పోయింది కూడా తనే.

పొన్నాచారి ఏడవలేదు. కల్హార మడమ దగ్గర గోటితో నొక్కి, వాసన చూసి, చెవి ఆనించి విన్నాడు. "లే బాబూ. ఇది పచ్చి మాను. లోపల నీరు తిరుగుతోంది. నీరున్నంతసేపూ అమ్మాయిగారు బతికున్నట్టే" అన్నాడు.

"ఎండితే?"

"పచ్చి కర్ర ఎండితే ఏమవుద్దో నీకు నేను చెప్పాలా? పగులుద్ది. ఆ పగులు గుండె దాకా పాకిందంటే, ఆ తర్వాత మంత్రం విప్పినా మనిషి దక్కదు."

శరభకేతుడు కళ్ళు తుడుచుకుని లేచాడు. ఇద్దరూ కలిసి రాకుమారిని మోసుకెళ్ళి పెద్ద బండ నీడలో నిలబెట్టారు. గుడారం గుడ్డలు చింపి, ఏట్లో ముంచి, తల నుంచి పాదాల దాకా చుట్టారు. మాంత్రికుడి ఒంటికి సరిపడే మాను కావాలంటే పడిపోయిన చెట్టును వెతకాలి. దాన్ని లాగుకురావడానికి ఇద్దరూ కావాలి. అందుకని కాపలాకు మనుషులను పంపమని, తడిగుడ్డలు ఆరనివ్వవద్దని రెండు ముక్కలు రాసి, వెంట తెచ్చుకున్న పావురం కాలికి కట్టి కోటకు వదిలారు. ఆ పావురాన్ని వదలకుండా ఉంటే ఎంత బాగుండేది.

సాయంత్రానికి ఇద్దరు భటులు గుర్రాల మీద వచ్చి కాపలా నిలిచారు. మర్నాడు పొద్దున్నే శరభకేతుడూ, పొన్నాచారీ అడవి లోపలికి వెళ్ళారు. మంచులో రెండు కోసులు నడిచారు. ఎలుగుబంటి ఒకటి ఎదురైతే పొన్నాచారి పక్కనున్న చెట్టెక్కాడు. పట్టేసిన మోకాళ్ళతో అంత పైకి ఎలా ఎక్కాడో ఆయనకే తెలియదు. శరభకేతుడు మంచులో దారి కోసం పట్టుకొచ్చిన కొరివి విసిరి దాన్ని తరిమాడు. చివరికి ఒక వాగు మలుపులో, పోయిన వారం గాలికి వేళ్ళతో సహా ఒరిగిన గుమ్మడి టేకు మాను కనిపించింది. కొమ్మలు కొట్టేసి, దాన్ని వాగులోకి దొర్లించి, తాడు కట్టి లాక్కుంటూ విడిదికి తిరిగొచ్చేసరికి మూడో జాము దాటింది.

తిన్నె ఇంకా కనపడకముందే పొన్నాచారి ఆగి గాలి పీల్చాడు. "పొగ" అన్నాడు. అది నెయ్యి పొగ.

కోట నుంచి రాజగురువు యజ్ఞశర్మ నలభై మంది భటులతో దిగి ఉన్నాడు. రాకుమారిని నీడలోంచి తెచ్చి తిన్నె నడుమ నిలబెట్టారు. గుడారం గుడ్డలు విప్పేసి పట్టుచీర కట్టారు. చుట్టూ మూడు హోమగుండాలు తవ్వి, రావి సమిధలు పేర్చి, గరిటెలతో నెయ్యి పోస్తున్నారు. మంటలు ఆమె నడుము ఎత్తున లేస్తున్నాయి. యజ్ఞశర్మ పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా మంత్రాలు చదువుతున్నాడు. పాపం, గొంతు బొంగురుపోయింది.

శరభకేతుడు పరుగున వచ్చి ఆ వేడిలోకి దూకుతుండగానే చప్పుడయింది. ఎండకు పెసరకాయ చిట్లినంత చిన్న చప్పుడు. రాకుమారి కుడి మడమ దగ్గర వెంట్రుక మందాన ఒక గీత పుట్టి, చూస్తుండగానే పిక్క మీదుగా మోకాలి దాకా పాకింది.

అతను మూడు గుండాలనూ కాళ్ళతో తన్ని ఇసుక కప్పేశాడు. అరికాళ్ళు కాలాయి. భటులు బల్లేలు ఎత్తి, ఎత్తినవాళ్ళు ఎత్తినట్టే నిలబడిపోయారు.

"యాగాగ్నిని కాలితో తన్నావా రాకుమారా?" అన్నాడు యజ్ఞశర్మ.

"అక్కడ చూడండి గురుదేవా."

యజ్ఞశర్మ ఆ గీతను చూశాడు. దాని అంచున నీటి చుక్కలు ఊరి కారుతున్నాయి. ఆయన చేతిలోని నేతి గరిటె ఒరిగిపోయింది. "నేను మంచికే చేశాను నాయనా. మైల గుడ్డలు చుట్టి ఉన్నాయని తీసేయించాను. మీ భటులిద్దరూ వద్దని మొత్తుకున్నారు, నేనే వినలేదు" అన్నాడు.

"మీరు మంచికే చేశారు. అందుకే నా కత్తి ఇంకా ఒరలో ఉంది. మీవాళ్ళందరినీ తీసుకుని వెళ్ళిపోండి."

ఆ ముసలాయన పల్లకీ ఎక్కకుండా, భటుల వెనక కాలినడకన వెళ్ళాడు. ఆయన మీద నాకు కోపం లేదు. కోటలో పుట్టి కోటలో పెరిగినవాళ్ళకు కర్ర అంటే మంచమో తలుపో. అందులో నీరుంటుందని ఎవరు చెప్పారు?

పొన్నాచారి కాపలా భటులిద్దరి చేత ఏటి ఒడ్డున మనిషి లోతు గొయ్యి తవ్వించాడు. అడుగున నీరు ఊరింది. రాకుమారి అరికాళ్ళకు, పగులు అంచులకు కరిగించి చల్లార్చిన మైనం పూసి, ఆమెను ఆ గోతిలో నిలబెట్టి, గడ్డం దాకా తడి ఇసుక కూరారు. ముఖం మీద తడిగుడ్డ కప్పారు. పగులు మోకాలి దగ్గర ఆగింది.

"పూడుతుందా తాతా?" అని అడిగాడు శరభకేతుడు.

"పూడదు బాబూ. కర్రకు పడ్డ పగులు ఏ దేవుడూ అతకలేడు. పెరక్కుండా ఆపగలం, అంతే. మనిషి అయ్యాక అది గాయమవుద్ది, గాయమైతే మానుద్ది. ముందు మనిషి కావాలిగా."

ఆ మాట మీదే ఇద్దరూ పనిలోకి దిగారు. గడియకొకసారి ఒకరు లేచి ఇసుక మీద కడవతో నీళ్ళు పోసేవారు. రెండోవారు మాను ముందు కూర్చునేవారు. చెక్కాల్సింది యువరాజు చేయే కాబట్టి పొన్నాచారి ఉలి ముట్టుకోలేదు, కొలతలు మాత్రం చెప్పాడు. అడవి ఎప్పటిలాగే ఉంది. పొద్దున్నే మంచులోంచి నెమళ్ళు తిన్నె మీదికి దిగేవి, మధ్యాహ్నం పాలపిట్టలు నీటి మీద తిరిగేవి. అన్నేళ్ళుగా చూసి మురిసిన వాటి వైపు శరభకేతుడు తల కూడా ఎత్తలేదు. సరదా కోసం పట్టిన ఉలి అతని చేతిలో మొదటిసారి బరువెక్కింది.

రెండో రోజు పనిలో పొన్నాచారి దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "బాబూ, మానును నిలువునా చీల్చి, నడుమ ఉండే మెత్తటి నడిబెండు తీసేసి చెక్కాలని నీకు నేర్పాను. గుర్తుందా?"

"నడిబెండు ఉంచితే ఎంత మంచి బొమ్మయినా ఆరేకొద్దీ చీలుతుంది. మర్చిపోలేదు."

"ఈసారి ఉంచెయ్. నిండు మానుగానే చెక్కు. నీడపట్టున ఉంటే చీలడానికి రెండు నెలలు పడుద్ది. ఈలోపు అమ్మాయిగారు మనిషవుతారు. రెండు నెలల తర్వాత ఆ పాపిష్టివాడు నిలువునా రెండు ముక్కలవుతాడు."

శరభకేతుడు ఉలి పక్కన పెట్టాడు. చెడిపోతుందని తెలిసీ ఒక బొమ్మ చెక్కడం అతనికి ఇంతవరకూ అలవాటు లేదు. అది అతనికి సిగ్గుగా అనిపించింది, లోపలెక్కడో నొప్పిగా కూడా అనిపించింది. కానీ ఏటి ఒడ్డున గడ్డం దాకా ఇసుకలో ఉన్న చెల్లెలిని చూసి, బెండు ఉంచేసి ఉలి ఎత్తాడు. ఆరో రోజుకు దేహం పూర్తయింది. విశాలమైన రొమ్ము, పొడవైన చేతులు, కండలు తిరిగిన తొడలు. కంఠం కింద అప్పుడే సన్నటి నెర్రె ఒకటి కనిపిస్తే, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి పూడ్చి, నునుపు చేసేశారు. చెయ్యబోయేది మోసమైనా, అతను చేసినవాటిలో అంత అందమైన బొమ్మ మరొకటి లేదు.

ఏడో రోజు ఉదయం భటులిద్దరి చేత దాన్ని మోయించుకుని గుర్రపుబండ గుహకు వెళ్ళాడు. గుహ ముందు పచ్చని మొక్కంటూ లేదు. లోపల శుష్కపాదుడు గోడకు చేరగిలబడి ఉన్నాడు. ఏడు రోజుల్లో మరింత ఎండిపోయి, వేళ్ళు కదిపితే పుల్లలు విరుగుతున్నట్టు శబ్దమవుతోంది. బొమ్మను తడిమి తడిమి చూశాడు. కళ్ళలో నీళ్ళు రావలసిన చోట ఆవిరి వచ్చింది.

"ముందు నా చెల్లెలు" అన్నాడు శరభకేతుడు.

"మంత్రం వేయడం ఈ చచ్చు చేతులకు చాతనవుతుంది. విప్పాలంటే సత్తువున్న చేయి కావాలి. అదిగో, నువ్వు చెక్కిన ఆ చేయి. ముందు నా ఒళ్ళు, తర్వాతే ఆమె. నమ్మితే నమ్ము, లేకపోతే తిరిగి వెళ్ళు."

నమ్మక ఏం చేస్తాడు. తలూపాడు. మాంత్రికుడు బొమ్మ నోటికి నోరు ఆనించి ఊపిరి ఊదాడు. ముసలి దేహం ఎండుటాకుల కుప్పలా కూలింది. చెక్క దేహం కళ్ళు తెరిచి, చేతులు చాపి, లేచి నిలబడింది. అది చూసి భటులు బల్లేలు వదిలేసి పారిపోయారు.

విడిది అక్కడికి అరకోసు దూరం. ఏటి ఒడ్డు వెంట ఎండ కాస్తోంది. మాంత్రికుడు ముందు, శరభకేతుడు వెనక నడిచారు. నూరడుగులు నడిచారో లేదో, వేడెక్కిన కర్ర వాసన శరభకేతుడి ముక్కుకు తగిలింది. తేరిపార చూశాడు. చెక్క భుజాల మీద నుంచి సన్నగా ఆవిరి లేస్తోంది. అప్పుడు తట్టింది. శుష్కపాదుడు ప్రాణంతో పాటు కడుపులోని మంత్రాగ్నిని కూడా ఆ ఒంట్లోకి తెచ్చుకున్నాడు. రెండు నెలలు పట్టే ఆరుదల రెండు గడియల్లో అయిపోతోంది. కంఠం కింద పూడ్చిన నెర్రె నోరు తెరిచింది, చింతగింజల ముద్ద రాలిపడింది.

చెల్లెలి మీద చేయి పెట్టకముందే వీడు చీలిపోతే ఆమె గతేంటి? శరభకేతుడు ఏటి వైపు ఉరికాడు. మరుక్షణం తలపాగా విప్పి, ఏట్లో ముంచి, తెచ్చి తన శత్రువు వీపు మీద పిండాడు.

"ఏమిటిది?" అన్నాడు మాంత్రికుడు.

"కొత్త ఒళ్ళు. ఎండ తగలకూడదు. తడుపుతూ ఉండాలి."

"సేవ బాగానే చేస్తున్నావు" అని మాంత్రికుడు మురిసిపోయాడు.

ఎవణ్ణయితే చంపాలని ఇన్ని రోజులూ ఉలి పట్టాడో, వాడు చావకూడదని ఆ అరకోసు దూరమూ శరభకేతుడు ఏటికీ వాడికీ మధ్య పరుగెత్తాడు. రాళ్ళు కోసుకుని కాలిన అరికాళ్ళు నెత్తురోడాయి. పోసిన నీరు పోసినట్టే ఆవిరైపోతోంది. "ఇంకా త్వరగా నడువు" అని బతిమాలాడు. మాంత్రికుడు కొత్త కాళ్ళ సోకులో నింపాదిగా నడుస్తూ, దారిలో రాళ్ళను తన్ని చూసుకున్నాడు.

ఇద్దరూ తిన్నె చేరారు. పొన్నాచారి ఒక్క చూపులో సంగతంతా గ్రహించి, చేతిలోని కడవను మారుమాట లేకుండా మాంత్రికుడి నెత్తిన కుమ్మరించాడు. శరభకేతుడు చెల్లెలి ముఖం మీది తడిగుడ్డ తీశాడు. మాంత్రికుడు మోకాళ్ళూని, చెక్క అరచేతిని ఆమె నుదుటి మీద ఉంచి పెదాలు కదిపాడు.

నుదుటి మీద కర్ర రంగు విరిగింది. కనురెప్పలు అదిరాయి. బుగ్గల్లోకి నెత్తురొచ్చింది, పెదాలు విడ్డాయి, వెంట్రుకలు గాలికి కదిలాయి. గొంతు దాకా మెత్తని చర్మం దిగింది.

సరిగ్గా అప్పుడు పిడుగు పడ్డంత చప్పుడుతో మాంత్రికుడి రొమ్ము కంఠం నుంచి బొడ్డు దాకా చీలింది. చీలికలోంచి ఎర్రటి మంట తొంగిచూసింది. అతను చేయి వెనక్కి లాక్కుని తన ఒంటిని చూసుకున్నాడు.

"ఏం చేశావురా?"

"చేయి తియ్యకు" అన్నాడు శరభకేతుడు. "పూర్తి చెయ్యి. నీళ్ళు పోస్తాను, నిన్ను కూడా ఇసుకలో పెడతాను, ఏది కావాలంటే అది చేస్తాను."

మాంత్రికుడు అతని ముఖం వంక చూశాడు. ఇందాకటి సేవ ఎందుకో ఇప్పుడు అర్థమయింది. "అయితే నీళ్ళున్న చోట నేను చావనన్నమాట" అని, రెండు చేతులతో రొమ్మును అదిమిపట్టుకుని ఏట్లోకి దొర్లాడు. మంట చుయ్యిమంది. చెక్క ఒళ్ళు మునగలేదు. తేలి, సుడి తిరిగి, ప్రవాహానికి తగులుకుని కిందికి సాగిపోయింది. ఏటి మలుపు దగ్గర అతని నవ్వు ఒకసారి వినిపించింది.

శరభకేతుడు ఏటి వైపు రెండడుగులు వేసి, వెనక నుంచి పిలుపు విని ఆగాడు.

"అన్నయ్యా."

కల్హార కళ్ళు తిప్పి చూస్తోంది. ఇసుక మీద తల ఒక్కటే బతికి ఉంది. "నన్ను ఎవరు పాతిపెట్టారు? చలేస్తోంది. చేతులు రావడం లేదు."

అతను ఆమె పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఇసుక కాస్త తొలగించి చూశాడు. మెడ కింద నుంచి అంతా మానే.

"కాలు మండిపోతోందన్నయ్యా. ఎవరో లోపల్నించి చీలుస్తున్నట్టుంది."

ఇన్ని రోజులూ ఆమెకు నొప్పి తెలియలేదు. ఇప్పుడు తెలుస్తోంది. సగం మనిషిని చేసిన ఘనత ఎవరిదో శరభకేతుడికి తెలుసు. బెండు తీసేసి నిజాయితీగా చెక్కి ఉంటే ఈపాటికి ఆమె తన కాళ్ళ మీద నిలబడి ఉండేది. ఆ పాపిష్టివాడు కూడా నిలబడి ఉండేవాడు, నిజమే. ఆ నిజం అతనికి ఆ క్షణాన ఏమీ ఊరట ఇవ్వలేదు.

"నేనే చేశానమ్మా" అన్నాడు. "వాణ్ణి మోసం చేద్దామనుకున్నాను. వాడితో పాటు నిన్నూ సగంలో ఆపేశాను. వాణ్ణి పట్టుకొస్తాను."

"సరే, పట్టుకురా. ముందు నెగడు వేయించు. పళ్ళు కొట్టుకుంటున్నాయి."

అతను తలెత్తాడు. పొన్నాచారి నిండు కడవతో వచ్చి పక్కన నిలబడి ఉన్నాడు. ఎండకు ఇసుక పైపొర అప్పుడే తెల్లబడుతోంది.

"నీలవంకలో నీళ్ళు ఎన్నాళ్ళుంటాయి తాతా?"

"చైత్రం దాకా, బాబూ. ఆ తర్వాత చెలమలు తవ్వుకోవాలి."

"పొయ్యి పెట్టనివ్వకు. ఆమె ఎంత అడిగినా సరే."

"నాకు చెబుతున్నావా?" అన్నాడు పొన్నాచారి. కడవ వంచాడు. చల్లటి నీళ్ళు మెడ చుట్టూ ఇసుకలోకి ఇంకుతుంటే కల్హార గట్టిగా కళ్ళు మూసుకుంది.

శరభకేతుడు ఉలిని నడుముకు దోపుకుని, కత్తి అక్కడే వదిలేసి ఏట్లోకి దూకాడు. అతను మలుపు దాటేవరకూ, ఇంకొక్క కడవ కూడా పోయవద్దని కల్హార పొన్నాచారిని బతిమాలడం వినిపిస్తూనే ఉంది. పొన్నాచారి పోస్తూనే ఉన్నాడు.